ఊరుమ్మడి నేల

ఒక పట్టణంలో ఉద్యానవనం ఏ సంవత్సరంలో వెలసింది, దానికి స్థలం ఎవరు ఇచ్చారు, ప్రారంభోత్సవానికి ఏ అధికారి వచ్చాడు అన్న వివరాలతో చరిత్ర రాయడం కష్టమైన పని కాదు. పురపాలక సంఘం దస్త్రాల్లోనూ శిలాఫలకాల మీదా అవి దొరుకుతాయి. ఆ స్థలంలోకి ఎవరిని రానివ్వలేదు, వచ్చినవారిని ఎవరు వెళ్లగొట్టారు, మొదట ఉన్న విస్తీర్ణం ఏయే కట్టడాల కింద ఎట్లా తరిగిపోయింది అన్న సంగతులు మాత్రం ఫలకాలకెక్కవు. కృష్ణా పశ్చిమ డెల్టా చివర, ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న కారంచేడు వంటి ఊరివైపు నుంచి చూసినప్పుడు ఈ రెండో రకం సంగతులే ఉద్యానానికీ ఆటస్థలానికీ అసలు చరిత్ర అని తోస్తుంది.

కారంచేడు చీరాలకు పది కిలోమీటర్ల లోపు దూరంలో, నల్లరేగడి నేలల నడుమ ఉన్న పెద్ద గ్రామం. 1970 వరకు గుంటూరు జిల్లాలోను, ఆ తరువాత ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో బాపట్ల కిందికి వచ్చింది. కృష్ణ నీటిని పశ్చిమ డెల్టా గుండా మోసుకువచ్చి పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో కలిసే కొమ్మమూరు కాలువ ఈ ప్రాంతపు సేద్యానికి ఆధారం. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయి, దాని కాలువలు ఒక్కొక్కటే సముద్రంవైపు సాగినకొద్దీ, అంతవరకు మెట్టపంటలకూ పశువుల మేతకూ ఉన్న నేల మాగాణిగా మారుతూ వచ్చింది; ఎకరం విలువ పెరిగిన చోట ఏమీ పండించకుండా ఒక జాగాను వదిలివేయడం తెలివితక్కువతనంగా కనిపించసాగింది. డెల్టా సంపద గురించి రాసేవారు ఆనకట్ట తెచ్చిన ధాన్యాన్ని గురించి చెప్పినంతగా, అది మింగిన బీళ్లను గురించి చెప్పరు. కరువు తీర్చిన నీటిని తప్పుపట్టడం ఎవరి ఉద్దేశమూ కాదు గాని, తెలుగు పల్లెల్లో మెతుకు సమృద్ధిగా ఉన్న చోటనే ఆడుకునే బయలు కరువు కావడానికి మూలం ఆ నీటిలోనే ఉంది.

మిగిలిన బయలు రెవెన్యూ లెక్కల్లో పోరంబోకు అయింది. పోరంబోకు అంటే శిస్తు విధించని, సాగుకు ఇవ్వని, ఊరి ఉమ్మడి అవసరాల కోసం అట్టిపెట్టిన ప్రభుత్వ భూమి. అందులో చెరువు, వాగు, బండ్లు నడిచే డొంక, శ్మశానం, పశువులు మేతకు పోయేముందు ఒకచోట చేరే మందబయలు మొదలైన తరగతులున్నాయి. ఇళ్లు కట్టుకున్న భాగాన్ని గ్రామకంఠం అన్నారు. ఈ వర్గీకరణలో పశువుకు, బండికి, నీటికి, శవానికి విడివిడిగా చోటుంది. ఆడుకునే పిల్లలకు మాత్రం ప్రత్యేకమైన చోటు కనిపించదు. అందువల్ల పల్లెలో ఆట ఎప్పుడూ మరొక పని కోసం ఉన్న నేల మీద, ఆ పని ముగిసి మళ్లీ మొదలయ్యేలోపు సాగింది.

వరికోతలు కాగానే పొలం ఖాళీ అవుతుందనుకోవడం డెల్టా ఎరగనివారి మాట. కోతకు ముందే, నిలిచి ఉన్న వరిలో మినుమో పెసరో చల్లడం ఇక్కడి రైతుల వాడుక కనుక, మాఘ ఫాల్గుణాల దాకా పొలం పైరుతోనే ఉంటుంది; అపరాలు పీకి కుప్ప వేశాక, చైత్ర వైశాఖాల్లో, బడులకు సెలవులిచ్చే వేళకు నేల పిల్లలకు దక్కుతుంది. అప్పటికి రేగడి నెర్రెలు విచ్చి, పరుగెత్తే పాదం ఇరుక్కునేంతగా పగులుతుంది. నీళ్లు చల్లి, గట్టిపరిచి, పేడతో అలికిన కళ్లం అంతకంటె మేలైన బరి; చెడుగుడుకూ కర్రాబిళ్లకూ డెల్టా గ్రామాల్లో మొదటి క్రీడాప్రాంగణం అదే అనవచ్చు. ట్రాక్టరు వచ్చి, ఆ తరువాత కోతయంత్రం వచ్చి, ధాన్యం పొలం గట్టునే సంచులకెత్తే రోజులు వచ్చేసరికి కళ్లాల అవసరం తగ్గింది. అవసరం తగ్గిన జాగా ఇళ్లస్థలంగా మారడానికి ఎంతో కాలం పట్టదు.

ఈ ప్రాంతంలో ఊరంతా చేరి చూసే పోటీ మనుషులదికాక ఎడ్లది కావడం గమనించదగ్గది. ఒంగోలు జాతి పశువులకు పుట్టినిల్లయిన ఈ నేలలో, సంక్రాంతికో తిరునాళ్లకో జరిగే బండలాగుడు పోటీల్లో, జతగా కట్టిన ఎడ్లు బరువైన రాతిబండను నిర్ణీత సమయంలో ఎన్ని అడుగుల దూరం లాగాయన్నదాన్ని బట్టి బహుమతి నిర్ణయిస్తారు. రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి అని ఎడ్ల వయసును బట్టి విభాగాలుంటాయి. ఒంగోలు దగ్గరి కరవది నుంచి 1960లలో బ్రెజిల్ వెళ్లిన కోడె ఆ ఊరి పేరుతోనే అక్కడి పశువుల వంశావళిలో నిలిచిపోయింది. పోటీ కోసం తీర్చిన బారుపాటి బరి ఆ రెండు మూడు రోజులూ ఊరి మైదానం. అయితే ఆ బరిలో గెలిచే ఎడ్లు భూమి ఉన్నవారివి. వాటిని మేపి, కడిగి, మచ్చిక చేసేది చాలాచోట్ల పాలేర్లు. ప్రకటనలో వినిపించేది యజమాని పేరు.

మనుషుల ఆటకు శాశ్వతమైన జాగా పల్లెకు బడితోనే వచ్చింది. మద్రాసు రాజధానిలో జిల్లా బోర్డులు, అంటే జిల్లా స్థాయిలో రోడ్లూ వైద్యశాలలూ పాఠశాలలూ నిర్వహించిన స్థానిక సంస్థలు, ఉన్నత పాఠశాలలు నెలకొల్పినప్పుడు తరగతి గదులతోపాటు కసరత్తుకు కొంత ఖాళీస్థలం కూడా చేరింది. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల ఆసియాలోనే ఆ రకమైన తొలి సంస్థల్లో ఒకటి. అక్కడ శిక్షణ పొందినవారి ద్వారా వాలీబాల్, బాస్కెట్‌బాల్ వంటి ఆటలు, కొలతలు గీసిన కోర్టులు, ఈలవేసి ఆడించే పద్ధతి దక్షిణాది బడులకు చేరాయి. పల్లెటూరి భాషలో డ్రిల్లు మాస్టారుగా స్థిరపడిన ఆ ఉపాధ్యాయుడు, తోటమాలి లేని ఊరికి మైదానపు కాపరి కూడా అయ్యాడు. ముళ్లకంప కొట్టించడం, వానాకాలంలో నీరు పోయేందుకు బోదె తీయించడం, సాయంత్రం పశువులను తోలించడం అతని పనులే. ఇప్పటికీ చాలా ఊళ్లలో జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల ఆవరణ తప్ప మరో ఆటస్థలం లేదు. ఆ ఊళ్ల ఆటల చరిత్ర ఆ పాఠశాలల చరిత్రలో ఒక అధ్యాయం.

ఖర్చులేని ఆటలే ఇక్కడ వేళ్లూనుకున్నాయి. తంజావూరు రాజభవనంలో పుట్టిందని చెప్పే బాల్ బ్యాడ్మింటన్ వాటిలో మొదటిది: పసుపుపచ్చని ఉన్నిబంతి, జట్టుకు ఐదుగురు, రెండు గుంజల మధ్య ఒక వల, చదునైన మట్టినేల ఉంటే చాలు. ఇంటి లోపలి కోర్టు కోరే ఈకల బంతి బ్యాడ్మింటన్ పట్టణంలో నిలబడితే, ఉన్నిబంతి ఆట కోస్తా ఊళ్లలో సాయంకాలాలను ఆక్రమించింది. కృష్ణా జిల్లా కృత్తివెన్నులో పుట్టి వరంగల్లులో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్య ఈ ఆటలో అఖిలభారత స్థాయికి ఎదిగి, 1970లో అర్జున పురస్కారం పొందాడు. అంతర్జాతీయ వేదిక లేని ఆట కావడం వల్ల ఆయన పేరు క్రికెటర్ల పేర్లంతగా వ్యాపించలేదు. మట్టికోర్టు మీద ఎదిగిన ఆటగాళ్లకు తెలుగు పత్రికలు ఇచ్చిన చోటు ఎప్పుడూ తక్కువే.

చెడుగుడు సంగతి వేరు. కూత పెట్టి ఎదుటి బరిలోకి వెళ్లినవాడు అవతలి వారిని తాకాలి, అవతలివారు అతన్ని పట్టి ఒడిసి ఆపాలి. తాకడమే ఆ ఆటకు ప్రాణం. తాకితే మైలపడతామనుకున్న సమాజంలో ఈ ఆట ఎల్లప్పుడూ ఒక చిక్కు ప్రశ్నే. ఊరి జట్టు ఊరిదిగా, పల్లె జట్టు పల్లెదిగా విడివిడిగా ఆడితే ప్రశ్న తలెత్తదు. ఒకే బరిలో దిగితే తప్పించుకోలేరు. (తీరాంధ్రలో సవర్ణులు ఉండే భాగాన్ని ఊరు అని, దళితులు నివసించే భాగాన్ని మాలపల్లె, మాదిగపల్లె అని విడదీసి చెప్పడం పాత వాడుక, ఊరు, పల్లె అన్న మాటలు ఎదురెదురుగా వచ్చిన చోట్ల ఈ వ్యాసంలో అర్థం అదే.) క్రికెట్టు వంటి దూరపు ఆటలో సైతం ఇటువంటి చిక్కు వచ్చిందనడానికి పల్వంకర్ బాలూ ఉదాహరణ. పుణెలో తెల్లవారి క్లబ్బు మైదానాన్ని చదును చేసే పనివాడుగా ఉండి, 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన ఆ దళిత బౌలరుకు, సొంత జట్టువారు తొలినాళ్లలో తేనీటిని పెవిలియన్ బయట, వాడి పారవేసే మట్టిముంతలో ఇచ్చేవారు. అతను చదును చేసిన నేల అతనికి బంతి వేయడానికి పనికివచ్చింది గాని కూర్చోవడానికి పనికిరాలేదు.

పల్లెలో ఆటస్థలం బడితో వచ్చినట్లే, పట్టణంలో ఉద్యానం పురపాలక సంఘంతో వచ్చింది. కర్మాగారాల పొగతో నిండిన ఇంగ్లండు పట్టణాల్లో పనివారికి గాలి, వెలుతురు కావాలన్న ఆలోచన 19వ శతాబ్ది మధ్యలో బలపడింది. 1840లో జోసెఫ్ స్ట్రట్ అనే మిల్లు యజమాని డర్బీ పట్టణానికి ఇచ్చిన వనం ఆ దేశపు తొలి సార్వజనిక ఉద్యానాల్లో ఒకటిగా పేరు పొందింది. అయితే అందులోకి వారానికి రెండు రోజులు మాత్రమే ఉచిత ప్రవేశం, మిగిలిన రోజుల్లో రుసుము. న్యూయార్కులో 1858లో తెరిచిన సెంట్రల్ పార్కు కోసం అంతకు ముందు సంవత్సరమే సెనెకా విలేజ్ అనే వాడను ఖాళీ చేయించారు. సొంత ఇళ్లు, చర్చిలు, బడి ఉన్న ఆ వాడలో ఎక్కువమంది నల్లజాతివారు. అందరి కోసం వేసిన తోటకు కొందరి ఊరు ఎరువు అయింది. మద్రాసులో 1859లో గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్ చొరవతో పీపుల్స్ పార్కు ఏర్పడింది. నూరెకరాలకు పైబడిన ఆ తోట అంచుల్లో విక్టోరియా పబ్లిక్ హాలు, మూర్ మార్కెట్టు లేచాయి. ఒక భాగం 1956 నుంచి 1965 వరకు టెస్టు మ్యాచులు జరిగిన కార్పొరేషన్ స్టేడియమై, తరువాత నెహ్రూ స్టేడియంగా మారింది. తోట మాత్రం జ్ఞాపకంగా మిగిలింది.

పురపాలక సంఘమంటే ఉద్యానమే కాదు, పన్ను కూడా. కారంచేడుకు పొరుగున ఉన్న చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీగా చేసినప్పుడు, అంతవరకు ఏటా నాలుగువేల రూపాయల వరకు ఉన్న పన్నుల భారం నలభై వేలకు పెరిగిందని ఆనాటి వృత్తాంతాలు చెబుతాయి. నేతపని మీద బతికే జనం అది మోయలేమన్నారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చివెళ్లాక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఆ జనంలో అధికభాగం ఇళ్లు విడిచి, మునిసిపల్ సరిహద్దు దాటి, బయట ఉన్న నేలల్లో పాకలు వేసుకుని, ఆ నివాసానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండా వానా చలీ భరిస్తూ పదకొండు నెలలపాటు అక్కడ నిలిచారు. స్వాతంత్ర్య చరిత్రలో ఈ ఘట్టాన్ని పన్నుల నిరాకరణగా చెప్పుకుంటారు. అది నిజమే గాని, ఊరి బయట అంత జనాన్ని ఇముడ్చుకోగల ఖాళీ నేల ఆనాటికి మిగిలి ఉండడం కూడా ఆ పోరాటానికి ఆసరా అయింది. ఇవాళ చీరాల చుట్టుపక్కల వేలమంది ఒక్కసారిగా ఊరు విడిచి దిగదలిస్తే ఎక్కడ దిగాలన్నది తేలని విషయం.

తోట, మైదానం రెండూ ఒకదాని దాపున ఒకటి పెరిగి, రెండూ ఒకే తీరున క్షీణించిన ఉదాహరణ తెలుగు దేశంలో హైదరాబాదుది. గోల్కొండ ముట్టడి కాలంలో మొగలు సేన విడిది చేసినందున, 1687 విజయం తరువాత ఫతే మైదాన్ అన్న పేరు వచ్చిందని చెప్పుకునే బయలు, ఆసఫ్‌జాహీల కాలంలో పోలో ఆటకు, సైనిక కవాతుకు నెలవైంది. దానికి కొద్ది దూరంలో ఉన్న బాగే ఆమ్, అంటే సామాన్యుల తోట, నేటి పబ్లిక్ గార్డెన్స్. నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో ఏటి సందర్భంగా పౌరుల విరాళాలతో 1905లో మొదలై 1913లో పూర్తయిన టౌన్‌హాలు ఆ తోటలోనే లేచి, తరువాతి కాలంలో శాసనసభ భవనమైంది. పురావస్తు ప్రదర్శనశాల 1930లోను, జూబిలీ హాలు అదే దశకం చివరలోను వచ్చాయి. ఆ తరువాత బాలభవన్, లలితకళాతోరణం, సభామందిరాలు చేరాయి. వీటిలో అనవసరమైనది ఏదీ లేదు. ప్రదర్శనశాల కావాలి, పిల్లల కళాకేంద్రం కావాలి, శాసనసభ సరేసరి. ఒక్కొక్క కట్టడానికీ విడిగా చూస్తే తిరుగులేని కారణం ఉంటుంది. తోటను మింగేది దురాశ ఒక్కటే అయితే దాన్ని అడ్డుకోవడం తేలిక, మంచి పనుల పేరుతో వచ్చే ముప్పునే ఎవరూ ఎదిరించలేరు. ఖాళీగా ఉన్న నేల ఏ పనీ చేయడం లేదన్న భ్రమ పాలకులకే కాదు, విద్యావంతులకూ ఉంది.

ఫతే మైదానంలో 1950లో స్టేడియం నిర్మాణం సాగింది. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. 1955, 1969, 1988 సంవత్సరాల్లో అక్కడ మూడు టెస్టు మ్యాచులు జరిగాయి. మూడింటిలోనూ ప్రత్యర్థి న్యూజిలాండే కావడం ఒక చిత్రం. 1955 మ్యాచులో పాలీ ఉమ్రీగర్ చేసిన 223 పరుగులు టెస్టుల్లో భారతీయుడి తొలి ద్విశతకం. 2005లో పెద్ద క్రికెట్టు ఉప్పల్‌కు తరలిపోయింది. గ్యాలరీల కింది గదులు దుకాణాలయ్యాయి. అయినా ఆ స్థలానికి మరో చరిత్ర ఉంది: 1983 జనవరి 9న నందమూరి తారక రామారావు రాజ్‌భవన్ గోడల మధ్య కాకుండా జనం ఎదుట ప్రమాణ స్వీకారం చేసింది అక్కడనే, 2004లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి, 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి ప్రమాణం చేసిందీ అక్కడనే. మైదానం ఆటకు తగ్గి సభకు పెరిగింది. ఆటగాళ్లు దీన్ని నష్టమనే అంటారు, వారి మాట కాదనలేము; వేలమంది టిక్కెట్టు లేకుండా ఒకచోట నిలబడే చోటు మహానగరంలో అరుదు కావడం ఇంకా పెద్ద నష్టం.

ఇంతవరకు చెప్పినదాన్ని కారంచేడు మరో కోణం నుంచి సరిదిద్దుతుంది. 1985 జూలై 16 సాయంత్రం ఆ గ్రామంలో మాదిగపల్లె తాగునీటి చెరువు దగ్గర, పశువులకు కుడితి పెట్టిన బకెట్లు కడిగిన నీరు చెరువులో పడుతుండగా పల్లెకు చెందిన యువకుడు అభ్యంతరం చెప్పాడు. ఊరివారు అతనిపై చేయిచేసుకున్నప్పుడు నీళ్లకు వచ్చిన ఒక మహిళ అడ్డుపడి, తనపైకి వచ్చిన దెబ్బకు చేతిలోని బిందెను ఎదురొడ్డింది. మరునాడు, జూలై 17న, ఊళ్లోని భూస్వామ్య కులంవారు పెద్ద గుంపుగా పల్లె మీద పడ్డారు. ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు, స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి, పల్లె మొత్తం చీరాలకు పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకుంది. బాధితుల్లో చాలామంది తిరిగి ఆ ఊరికి వెళ్లలేదు. చీరాలలో వారి కోసం ఏర్పడిన విజయనగర్ కాలనీలో స్థిరపడ్డారు. బొజ్జా తారకం, కత్తి పద్మారావు వంటివారు బాధితుల పక్షాన నిలబడి నడిపిన ఉద్యమం నుంచి దళిత మహాసభ పుట్టింది. 1985 సెప్టెంబరు 1న తెనాలిలో దాని సభ జరిగింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి తుది తీర్పు వచ్చేసరికి 2008 డిసెంబరు అయింది. 1921లో చీరాల బయటి నేల తమంతట తాముగా ఇల్లు విడిచినవారికి ఆశ్రయమిచ్చింది, 1985లో చీరాలలోని ఆవరణ తరిమివేయబడినవారికి ఆశ్రయమిచ్చింది. చరిత్ర పుస్తకాల్లో మొదటిదానికి ఉన్న చోటు రెండోదానికి ఇంకా రాలేదు.

చెరువుకూ ఆటస్థలానికీ సంబంధమేమిటని అడిగేవారికి రాజ్యాంగమే సమాధానం ఇస్తుంది. 15వ అధికరణం రెండో ఖండం, ప్రభుత్వ నిధులతో నడిచే లేదా ప్రజలకు అంకితమైన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రహదారులు, ప్రజలు చేరే స్థలాల విషయంలో మతం, కులం, లింగం, జన్మస్థలం వంటి కారణాలతో ఏ పౌరుడికీ ఆటంకం కలిగించకూడదని శాసిస్తుంది. తాగునీటి చెరువునూ, పార్కు వంటి ప్రజాస్థలాన్నీ రాజ్యాంగ కర్తలు ఒకే వాక్యంలో చేర్చారు. 1927లో మహాడ్ చౌదార్ చెరువు నీటిని దోసిట పట్టిన అంబేద్కర్ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడు కావడం తలుచుకుంటే ఆ చేర్పు యాదృచ్ఛికం అనిపించదు. కారంచేడు వంటి ఘటనల తరువాత 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం, దళితులు, గిరిజనులు వాడుకునే నీటివనరును కలుషితం చేయడాన్ని, ప్రజాస్థలానికి వెళ్లే వారి దారిని అడ్డగించడాన్ని నేరాలుగా పేర్కొన్నది.

ఆ చట్టం వచ్చిన రెండేళ్లకే, 1991 ఆగస్టు 6న, తెనాలికి దగ్గరలోని చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. ఆ కక్షకు తొలి నిప్పు సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు వరుసలోని అగ్రకుల యువకుడికి తగలడం దగ్గర రాజుకుంది. కారంచేడులో చెరువు మెట్లు, చుండూరులో సినిమా హాలు: రెండూ అందరూ కలిసే తావులే. కులం ఇంట్లో ఎంత బలంగా ఉన్నా అక్కడ ఘర్షణ పుట్టదు, ఎందుకంటే అక్కడికి ఎవరూ రారు. డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నవారందరికీ ఒకే రకం కుర్చీ ఇచ్చే చోట, బిందె తెచ్చిన వారందరికీ ఒకే నీరు ఇవ్వవలసిన చోట, కులం పీఠం కదులుతుంది. ఆటస్థలమూ అటువంటి తావే కనుక, ఒక ఊరి మైదానం సార్వజనికం అయిందా లేదా అన్నది దాని దస్తావేజు చెప్పదు. పల్లె పిల్లలు అక్కడ అడగకుండా బంతి వేయగలుగుతున్నారా అన్నది చెబుతుంది. అమ్మాయిల సంగతి మరీ మందకొడిగా సాగింది. పురుషుడు ఉమ్మడి స్థలానికి ఆడుకోవడానికో కబుర్లకో వెళ్లిన కాలంలో, స్త్రీ అక్కడికి బిందెతోనో బట్టలమూటతోనో మాత్రమే వెళ్లగలిగింది. కారంచేడులో ఎదురు నిలిచినది నీళ్లకు వెళ్లిన మనిషి కావడానికి ఇది కూడా కారణం.

ఉమ్మడి నేలను కాపాడడానికి న్యాయస్థానాలు చెప్పవలసింది చాలావరకు చెప్పాయి. బెంగుళూరులో ఉద్యానానికి వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లో తీర్పు ఇచ్చింది. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో, గ్రామాల చెరువులు, మేతబీళ్లు, కళ్లాలు, శ్మశానాలతో పాటు పిల్లలు ఆడుకునే మైదానాలనూ ప్రస్తావించి, ఇటువంటి ఉమ్మడి భూముల్లోని ఆక్రమణలను తొలగించి గ్రామానికి తిరిగి అప్పగించేందుకు పథకాలు తయారు చేయవలసిందిగా అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. కళ్లాన్నీ మైదానాన్నీ ఒకే జాబితాలో చేర్చిన ఆ తీర్పు రాసినవారికి పల్లె తెలుసు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి పాఠశాలకూ ఆటస్థలం ఉండాలన్నది. తెలంగాణలో ఊరికొక పల్లె ప్రకృతి వనం, 2022 జూన్ నుంచి ఊరికొక క్రీడాప్రాంగణం అన్న పథకాలు సాగాయి; బోర్డు నాటినంత సులభంగా నేల చదును కాలేదని, కొన్నిచోట్ల ఊరికి దూరంగా, కొన్నిచోట్ల శ్మశానం పక్కన స్థలం చూపారని విమర్శలు వచ్చినా, పల్లెకు తోటా మైదానమూ హక్కుగా రావాలన్న సూత్రాన్ని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో ఆడుదాం ఆంధ్రా పోటీలు మొదలయ్యాయి. పోటీ కొన్నాళ్లలో ముగుస్తుంది; ముగిశాక పిల్లలు రోజూ ఆడుకోవడానికి నేల కావాలి.

తీర్పులు, పథకాలు ఊరి దాకా రావడానికి ఒక చిన్న కాగితం అడ్డంగా ఉంటుంది. అడంగల్, అంటే ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం, ఏ రకం భూమి, ఎవరి అనుభవంలో ఉందో చూపే గ్రామ లెక్క, ఆటస్థలంగా అందరూ ఎరిగిన జాగా ఎదుట ఒక్కోసారి పోరంబోకు అని, ఒక్కోసారి బంజరు అని చూపుతుంది. ఒక్కోసారి ఆ జాగా పాఠశాల సరిహద్దుకు వెలుపల ఉన్నట్లు తేలుతుంది. వాడుకలో మైదానం, కాగితం మీద బంజరు అయిన నేలను ఇళ్లస్థలాలకో గోదాముకో కేటాయించడానికి ఏ చట్టాన్నీ మీరవలసిన అవసరం లేదు. కనుక ఈ వ్యాసం చదివేవారు తమ ఊరి ఆటస్థలం సర్వే నంబరు ఏమిటో, దాని విస్తీర్ణం ఎంతో, అడంగల్‌లో దాని ఎదుట ఏమి రాసి ఉందో పంచాయతీ కార్యాలయంలోనో తహసీల్దారు కచేరీలోనో ఒకసారి అడిగి తెలుసుకోవాలి; ఆటస్థలం అని రాసి లేకపోతే, గ్రామసభలో తీర్మానం పెట్టించి, ఊరూ పల్లే రెండూ దానిమీద సంతకాలు చేసేట్లు చూడాలి.